ఆ పాట ఇంట గెలిస్తే చాలు

ఐస్‌లాండ్ జనాభా నాలుగు లక్షలకు కాస్త అటూ ఇటూ. మన గుంటూరులోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు. అంత చిన్న దేశం దాదాపు ఏటా ఫిబ్రవరి వచ్చేసరికి టీవీల ముందు చేరి, యూరోవిజన్‌కి ఈసారి ఏ పాట పంపాలా అని తలలు బద్దలు కొట్టుకుంటుంది. ఇళ్లలో వాదనలు, ఆఫీసుల్లో వాదనలు, పేపర్లలో వాదనలు. ఈ ఎంపిక పోటీని అక్కడ సోంగ్వకెప్నిన్ అంటారు. నడిపేది ప్రభుత్వ ప్రసార సంస్థ రూవ్.

యూరోవిజన్ సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో మొదలైన పాటల పోటీ అది. ఒక్కో దేశం ఒక్కో కొత్త పాట పంపాలి, మూడు నిమిషాలు దాటకూడదు. ఓటేసేటప్పుడు ఎవరూ తమ దేశం పాటకి వేసుకోకూడదు. తన పాటని ఎలా ఎంచుకోవాలన్నది మాత్రం ఆ దేశం ఇష్టం. కొందరు జనం చేత ఓట్లు వేయిస్తారు. కొందరు ఒక గదిలో నలుగురు పెద్దలు కూర్చుని తేల్చేస్తారు.

నాకు మే నెలలో జరిగే అసలు పోటీ కంటే, అంతకు ముందు ఆయా దేశాల్లో జరిగే ఈ ఎంపికలంటేనే ఎక్కువ ఇష్టం. యూట్యూబ్‌లో దొరికినంతవరకు అన్నీ చూస్తాను. మాటలు అర్థం కావు. అయినా ఒక దేశం తనను తాను ఏ పాటలో చూసుకుంటుందో చూడటం నాకు గొప్ప ఆసక్తి. అలా చూస్తూ చూస్తూ ఐస్‌లాండ్ దగ్గర ఆగిపోయాను. కారణం వాళ్లు పెట్టుకున్న ఒక నియమం.

ఇటీవలి ఏళ్లలో అక్కడ నడిచిన పద్ధతి ఇదీ: సెమీఫైనల్స్‌లో ప్రతి పాటా ఐస్‌లాండిక్‌లోనే పాడాలి. ఇంగ్లీషులో రాసుకున్న పాట అయినా సరే, ముందు తమ భాషలోకి తెచ్చుకుని పాడాలి. ఫైనల్‌కి చేరాక మాత్రం, యూరోవిజన్‌లో ఏ భాషలో పాడదలుచుకున్నారో ఆ భాషలో పాడాలి. అంటే ఏ పాటైనా బయటి లోకానికి వెళ్లే ముందు ఒక్కసారైనా ఇంటి భాషలో, ఇంటివాళ్ల ముందు నిలబడి తీరాలి. వాళ్లు మెచ్చితేనే ముందుకి.

ఇంతకంటే మంచి నియమాన్ని నేను ఏ దేశంలోనూ చూడలేదు. ఎందుకంటే చిన్న దేశానికి బయట గెలిచే అవకాశం ఎప్పుడూ తక్కువే. ఓడిపోయి తిరిగొచ్చిన పాటతో ఆ తర్వాత ఏళ్ల తరబడి బతకాల్సింది ఇంటివాళ్లే. కాబట్టి ఎంపిక చేసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ‘అక్కడివాళ్లకి ఏది నచ్చుతుంది’ అని కాదు, ‘ఇది మనకి నచ్చిందా’ అని. నేను చెప్పదలుచుకున్నది ఇదే. దీనికి వ్యతిరేకంగా ఉన్న లెక్కలూ నాకు తెలుసు, వాటినీ దాచను.

ముందు కాస్త పాత కథ. ఐస్‌లాండ్‌లో టీవీ మొదలైంది 1966లో. చాలా ఏళ్లపాటు గురువారం టీవీకి సెలవు, జులై నెలంతా సెలవు. 1986లో ఆ దేశం మొదటిసారి యూరోవిజన్‌కి పాట పంపే నాటికి కూడా గురువారాలు టీవీ వచ్చేది కాదు. గురువారం ప్రసారాలు మొదలైంది 1987లో. అలాంటి దేశం నార్వేలోని బెర్గెన్‌కి ‘ఐసీ’ అనే ముగ్గురు గాయకుల బృందాన్ని పంపింది. పాట పేరు ‘గ్లేదిబౌంకిన్’. దేశమంతా ఆ పాటే. గెలుపు మనదే అని ఎంత నమ్మారంటే, గెలిస్తే వచ్చే ఏడాది పోటీ ఎక్కడ పెట్టాలి, అంత పెద్ద హాలు మనకుందా అని టెన్షన్ పడ్డారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

వచ్చింది 16వ స్థానం. గెలిచింది బెల్జియం నుంచి వచ్చిన 13 ఏళ్ల అమ్మాయి సాండ్రా కిమ్.

1987లో ఇంకో పాట పంపారు. 16వ స్థానం. 1988లో ఇంకోటి. మళ్లీ 16. 1989లో అయితే ఒక్క పాయింటు కూడా రాలేదు, సున్నా. ఇక ఎవరైనా ‘మనకెందుకు ఈ గోల’ అని మానేసేవాళ్లు. వీళ్లు మానలేదు. 1990లో నాలుగో స్థానం తెచ్చుకున్నారు. అప్పట్లో ఎవరి భాషలో వాళ్లు పాడాలన్న నిబంధన ఉండేది కాబట్టి ఇవన్నీ ఐస్‌లాండిక్ పాటలే. 16వ స్థానంలో మిగిలిన ఆ మొదటి పాట అక్కడ ఇప్పటికీ అందరికీ వచ్చు. యూరప్ దాన్ని మర్చిపోయి నలభై ఏళ్లయింది. అయితే ఏం?

1999లో భాషా నిబంధన ఎత్తేశారు, ఎవరు ఏ భాషలోనైనా పాడవచ్చు అన్నారు. ఆ ఏడాదే ఐస్‌లాండ్ గాయని సెల్మా ఇంగ్లీషులో పాడి రెండో స్థానంలో నిలిచింది. 2009లో యొహన్నా, మళ్లీ ఇంగ్లీషులోనే, మళ్లీ రెండో స్థానం. ఆ దేశానికి దక్కిన అత్యుత్తమ ఫలితాలు ఈ రెండే, రెండూ ఇంగ్లీషువే. నా వాదనకి ఇది మొదటి దెబ్బ. ఇంగ్లీషుకి మారితే గెలుపు దగ్గరికొచ్చింది కదా అని ఎవరైనా అంటే నేను కాదనలేను.

అయితే లెక్క అక్కడితో ఆపకూడదు. యూరోవిజన్‌లోనే సెమీఫైనల్స్ పద్ధతి వచ్చాక, 2005 నుంచి 2025 వరకు ఐస్‌లాండ్ ఇరవై సార్లు సెమీఫైనల్‌లో పాడింది. అందులో పదహారు సార్లు ఇంగ్లీషు పాట. ఏడుసార్లు ఫైనల్‌కి వెళ్లింది, తొమ్మిదిసార్లు ఇంటికొచ్చింది. ఐస్‌లాండిక్‌లో పాడింది నాలుగుసార్లే: 2013, 2019, 2022, 2025. నాలుగుసార్లూ ఫైనల్‌కి చేరింది.

నాలుగు పాటల్ని పట్టుకుని సిద్ధాంతం చేయకూడదని నాకూ తెలుసు. 2008 నుంచి 2014 దాకా ఏడేళ్లు వరసగా ఫైనల్‌కి వెళ్లారు, అందులో ఒక్కటి తప్ప అన్నీ ఇంగ్లీషు పాటలే. కాబట్టి సొంత భాషలో పాడితే చాలు గట్టెక్కేస్తారని నేను అనడం లేదు. అలా అనే మాటైతే 2004లో ఎస్టోనియా పంపిన పాట ముందుకి వెళ్లాలి. ఆ దేశపు ఆగ్నేయ మూలన కొద్దిమంది మాట్లాడే వోరో భాషలో పాడారు. సెమీఫైనల్‌లో మొదటి పదిమందే ముందుకి వెళ్తారు, వీళ్లకి పదకొండో స్థానం వచ్చింది.

కానీ 2015 నుంచి 2018 వరకు ఏం జరిగిందో చూడండి. ఐస్‌లాండ్ వరసగా నాలుగేళ్లు సెమీఫైనల్‌లోనే ఆగిపోయింది. నాలుగూ ఇంగ్లీషు పాటలే. ఓపిగ్గా వింటే నాలుగూ బాగానే చేసినవే అనిపిస్తుంది. మంచి గొంతులు, నున్నటి సంగీతం, ఎక్కడా తప్పు పట్టలేం. కానీ ఆ పాట ఏ దేశానిదో కళ్లు మూసుకుని విని చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. యూరోవిజన్‌లో పాట అంటే ఇలా ఉండాలి కాబోలు అనుకుని చేసిన పాటలవి.

2019లో జనం హతారి అనే బృందాన్ని ఎంచుకున్నారు. నల్లటి తోలు బట్టలు, ముళ్ల పట్టీలు, చెవులు చిల్లులు పడే టెక్నో సంగీతం. ఒకడు గొంతు చించుకుని అరుస్తుంటాడు, ఇంకొకడు మధ్యలో సన్నటి గొంతుతో పాడతాడు, వెనక డ్రమ్ముల దగ్గర మూడోవాడు మొహం కనిపించకుండా ముసుగేసుకుని ఉంటాడు. మాటలన్నీ ఐస్‌లాండిక్. ద్వేషమే గెలుస్తుంది, యూరప్ కుప్పకూలుతుంది అని పాట. బయటివాళ్ల రుచి ఊహించి పాటలు ఎంచే ఏ కమిటీ అయినా మొదటి రౌండ్‌లోనే పక్కన పెట్టేసే పాట ఇది. పిల్లలు, ముసలివాళ్లు కూడా ఓట్లేసే పోటీలో ఇది గెలిచింది. టెల్ అవీవ్‌లో ఫైనల్‌కి చేరి 10వ స్థానం తెచ్చుకుంది. ఓట్ల లెక్కింపు సమయంలో కెమెరా తమ వైపు తిరిగినప్పుడు వాళ్లు పాలస్తీనా జెండా రంగుల పట్టీలు ఎత్తి చూపారు. నిర్వాహకులు రూవ్ మీద 5,000 యూరోల జరిమానా వేశారు.

2022లో ముగ్గురు అక్కచెల్లెళ్లు గిటార్లు పట్టుకుని మెల్లగా పాడిన పాట. 2025లో వెండి రంగు బట్టలేసుకున్న ఇద్దరు అన్నదమ్ములు, సముద్రం మీద పడవ వేసుకుని పోదాం అని గెంతుతూ పాడిన పాట. హతారితో కలిపి ఈ మూడింటికీ భాష తప్ప ఇంకే పోలికా లేదు. రెండేళ్లూ ఫైనల్ చేరారు కానీ అక్కడ పెద్దగా ఏమీ ఊడబొడవలేదు. ఒకరు 23, ఇంకొకరు 25. చివరి స్థానాల్లో ఉన్నా నాకు వాటి మీద గౌరవం తగ్గదు. ఎవరి కోసం రాశారో ఆ పాటల్లో స్పష్టంగా తెలుస్తోంది.

ఇప్పుడు మాల్టా సంగతి చెప్పాలి, ఎందుకంటే నాకు ఎదురు నిలిచే అసలైన ఉదాహరణ అదే. మాల్టా జనాభా అయిదు లక్షల పైచిలుకు. 1971లో, 1972లో తమ మాల్టీస్ భాషలో పాడారు. రెండుసార్లూ ఆఖరి స్థానం. ఆ తర్వాత ఇప్పటివరకు పూర్తిగా మాల్టీస్‌లో పాడిన పాట ఒక్కటి కూడా పంపలేదు. ఇంగ్లీషు వాళ్లకి అధికార భాష కావడంతో, సొంత భాషలోనే పాడాలన్న నిబంధన ఉన్న రోజుల్లో కూడా ఇబ్బంది లేకపోయింది. ఫలితాలు చూస్తే ఐస్‌లాండ్ కంటే మాల్టావే మెరుగు: 1992, 1998ల్లో మూడో స్థానం, 2002, 2005ల్లో రెండో స్థానం. అంటే గెలుపే కొలమానం అయితే మాల్టా చేసిందే తెలివైన పని.

నేను ఒప్పుకోను. రెండుసార్లు ఆఖరున నిలిచినందుకు ఒక భాషలో పూర్తి పాటని యాభై ఏళ్లకు పైగా ఆ వేదిక ఎక్కనీయకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఆ రెండు ఓటముల తర్వాత పుట్టిన మాల్టా పిల్లలు ఇవాళ అమ్మమ్మలు, తాతయ్యలు అవుతున్నారు. పూర్తిగా తమ ఇంట్లో మాట్లాడే మాటతో కట్టిన పాటని అంత పెద్ద వేదిక మీద వాళ్లు ఒక్కసారి కూడా వినలేదు. అన్ని ఏళ్లు ఇంగ్లీషులో పాడినా మొదటి స్థానం రానేలేదు కూడా.

ఇంకా చిన్న దేశం సాన్ మరీనో. ముప్ఫై నాలుగు వేలమంది, చుట్టూ ఇటలీ. ఆ దేశానికి విడిగా ఫోన్ వ్యవస్థ కూడా లేదు కనుక యూరోవిజన్‌లో వాళ్ల ప్రేక్షకుల ఓట్లు విడిగా లెక్కపెట్టడం కుదరదు. వేరే దేశాల ఓట్ల ఆధారంగా లెక్కగట్టి వాళ్ల పేరున వేస్తారు. కొన్నేళ్లుగా వాళ్లు బయటి దేశాల గాయకులు కూడా పాల్గొనే పోటీ పెట్టి ఎంపిక చేస్తున్నారు. 2022లో ఇటలీ స్టార్ అకిల్లే లౌరో గెలిచాడు, ఫైనల్ చేరలేదు. 2025లో ఇంకో ఇటాలియన్, గాబ్రీ పోంతే, ఇటలీ మీద రాసిన పాటతో సాన్ మరీనో జెండా కింద పాడాడు. ఫైనల్‌లో ఆఖరి స్థానం. అంత చిన్న దేశంలో ఏటా ఒక గాయకుణ్ణి తయారు చేయడం తేలిక కాదని నాకు తెలుసు, వాళ్లని నిందించను. కానీ ఆ దేశం చరిత్రలో మొదటిసారి ఫైనల్ చేరింది 2014లో, సొంత ఊరి అమ్మాయి వాలెంతీనా మొనెత్తాతో. అది ఆమె మూడో ప్రయత్నం. ఇలా పట్టు వదలకుండా సొంత మనిషినే మళ్లీ మళ్లీ పంపడంలో ఏదో ఉంది.

బయటివాళ్ల రుచిని ఊహించి ఎంచుకోవడం ఎలా ఉంటుందో నేను దగ్గరగా చూశాను. డిగ్రీలో ఉండగా యువజనోత్సవాలకి మా కాలేజీ నుంచి బృందగానం పంపాలి. మా క్లాసులో విజయనగరం వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతి ఉండేది. వాళ్ల నాయనమ్మ దగ్గర నేర్చుకున్న నాట్ల పాట ఒకటి పాడేది. వరి నాట్లేసేటప్పుడు ఒకరు ఎత్తుకుంటే మిగిలినవాళ్లు అందుకునే పాట. పల్లవి దగ్గర వంగి నారు గుచ్చే లయ ఉంటుంది, మూడో దరువు దగ్గర నడుం ఎత్తి ఊపిరి తీసుకునే చోట పాట కూడా ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం మాకు వచ్చేది కాదు. కోరస్‌లో నేనూ ఉన్నాను, ప్రతిసారీ ముందే అందేసుకునేదాన్ని. ‘ఆగండే, నడుం నెప్పి తీరనివ్వండి’ అనేది నవ్వుతూ.

సెలక్షన్ రోజున పాడాం. గదిలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. మా సార్‌కీ బాగా నచ్చింది, ఆయన కాలితో తాళం వేయడం నేను చూశాను. పాట అయ్యాక అన్నారు: ‘చాలా బాగుందమ్మా. కానీ అక్కడ జడ్జీలు బయటివాళ్లు. వాళ్లకి ఇది ఎక్కదు. హిందీలో ఏదైనా దేశభక్తి గీతం చూసుకుందాం.’

‘మీకు నచ్చింది కదండీ సార్?’ అని ఆ అమ్మాయి అడిగింది.

‘నాకు నచ్చితే ఏం లాభం తల్లీ, మార్కులు వేసేది నేను కాదుగా’ అన్నారు.

హిందీ పాటే నేర్చుకున్నాం. వెళ్లాం. మాకంటే ముందు పాడిన బృందాల్లో సగం అలాంటి పాటలే పాడాయి. ఒత్తులు సరిగ్గా పలికినవాళ్లకి బహుమతులు వచ్చాయి, మాకు రాలేదు. నాట్ల పాట పాడినా వచ్చేది కాదేమో, ఎవరు చెప్పగలరు. ఆ సార్ మంచి మనిషి, మా మీద ప్రేమతోనే ఆ నిర్ణయం తీసుకున్నారు. కానీ తాను కాలితో తాళం వేసిన పాటని, ఎవరో తెలియని జడ్జీల రుచిని మనసులో ఊహించుకుని పక్కన పెట్టారు. తను రుచి చూసి మెచ్చిన కూర దాచిపెట్టి, చుట్టాలు తింటారో లేదో అని హోటల్ కూర తెప్పించి వడ్డించినట్టు. ఆ హిందీ పాటలో ఒక్క చరణం కూడా ఇప్పుడు నాకు గుర్తులేదు. నాట్ల పాట మొత్తం వచ్చు. ఇప్పటికీ ఆ ఆగే చోట తొందరపడుతూనే ఉంటాను.

సరే, ఇంటివాళ్లకి నచ్చిందే పంపాలి. మరి ఇంటివాళ్లు అంటే ఎవరు? జనమా, తెలిసినవాళ్లా? ఇక్కడ నా మనసు అంత సూటిగా లేదు.

పోర్చుగల్ కథ వినండి. ఆ దేశం 1964లో మొదటిసారి పాడింది, సున్నా వచ్చింది. ఆ తర్వాత యాభై ఏళ్లు పైగా గెలుపన్నది లేదు. 1996లో వచ్చిన ఆరో స్థానమే గొప్ప. 2016లో అసలు పాల్గొనలేదు. 2017కి తమ ఎంపిక పోటీ ‘ఫెస్టివల్ ద కన్సావ్’ని మార్చి, రకరకాల సంగీతకారుల్ని పిలిచి మీకు నచ్చినట్టు పాట చేసుకురండి అన్నారు. లుయీసా సొబ్రాల్ అనే సంగీతకారిణి తన తమ్ముడు సాల్వదోర్ కోసం ఒక పాట రాసింది. పోర్చుగీస్‌లో, పాత జాజ్ పాటల వరసలో, డాన్సర్లు లేరు, మంటలు లేవు. సాల్వదోర్ పాడుతుంటే చేతులు వాటి పాటికి అవి గాలిలో ఏవో గీస్తున్నట్టు కదులుతాయి. ఎంపిక పోటీలో జనం ఓట్లలో అతనికి రెండో స్థానమే. జ్యూరీ మొదటి స్థానం ఇచ్చింది కాబట్టి మొత్తమ్మీద గెలిచాడు. మే నెలలో కీవ్‌లో 758 పాయింట్లతో పోర్చుగల్‌కి మొదటి గెలుపు తెచ్చాడు, అది యూరోవిజన్ చరిత్రలోనే రికార్డు.

జనం ఒక్కళ్లనే నమ్ముకుని ఉంటే ఆ పాట కీవ్‌కి వెళ్లేదే కాదు. కాబట్టి జ్యూరీ వద్దు అని నేను అనను. సంగీతం తెలిసినవాళ్ల చెవి కూడా ఇంటి చెవే. నాకు అభ్యంతరం తలుపులు మూసుకుని, కారణాలు చెప్పకుండా, బయట ఏది అమ్ముడుపోతుందో చూసి తేల్చే కమిటీల మీద. 2011లో అజర్‌బైజాన్ గెలిచిన పాటని రాసిన ముగ్గురిలో ఇద్దరు స్వీడన్‌వాళ్లు. పాటలు కొనుక్కుని గెలవొచ్చు, గెలిచారు కూడా. ఆ గెలుపులో ఆ దేశపు పాట రాసేవాళ్లకి దక్కింది ఏమిటో నాకు అర్థం కాదు.

జనం ఎంచుకున్నప్పుడు ఏమవుతుందో ఐస్‌లాండ్‌లో 2011లో చూశాం. షొన్నీ బ్రింక్ అనే గాయకుడు ఆ ఏడాది ఎంపిక పోటీలో తన పాట పాడాల్సి ఉంది. పోటీకి కొద్ది రోజుల ముందు, జనవరిలో, 36 ఏళ్లకే హఠాత్తుగా చనిపోయాడు. అతని భార్య అనుమతితో ఆరుగురు స్నేహితులు ఆ పాట పాడారు. ఏడుపు పాట కాదు అది, ఇంటికి వెళ్లాలని తొందరపడే మనిషి హుషారుగా పాడుకునే పాట. సూట్లు వేసుకుని, నవ్వుతూ పాడారు. జనం గెలిపించారు. ఇంగ్లీషు మాటలు ఆ భార్యే రాసింది. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో ఫైనల్ చేరి 20వ స్థానంలో నిలిచారు. ఆ ఏడాది ఐస్‌లాండ్ పంపాల్సిన పాట అది కాక ఇంకేది? యూరప్‌కి ఏం నచ్చుతుందని లెక్కలేసుకునే మనిషికి ఇక్కడ నోరెత్తే హక్కే లేదు.

2014లో పొల్లాపోంక్ అనే బృందం వెళ్లింది. రంగురంగుల ట్రాక్‌సూట్లు, పిల్లలకి పాటలు చేసే బ్యాండు. వెనక గొంతు కలిపినవాళ్లలో ఒకాయన, ఓతార్ ప్రొపే, అప్పటికి పార్లమెంటు సభ్యుడు. తర్వాత 2017లో ఆరోగ్య శాఖ మంత్రి కూడా అయ్యాడు. చిన్న దేశంలోనే ఇది సాధ్యం. ఆ దేశానికి ఆ పోటీ ఎవరిదో పెద్దలది కాదు, అందరిదీ. మే నెలలో ఫైనల్ రాత్రి అక్కడ టీవీ పెట్టుకున్నవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా చూసేది దాన్నే.

జనానికి వదిలేస్తే చిక్కులూ ఉంటాయి. 2024లో పాలస్తీనా గాయకుడు బషార్ మురాద్ ఐస్‌లాండ్ ఎంపికలో పాడాడు. ఫైనల్‌లో అతనూ హెరా బ్యోర్క్ అనే గాయనీ మిగిలారు, హెరా గెలిచింది. ఓటింగ్ యాప్‌లో తేడా జరిగిందని కొందరు ఫిర్యాదు చేశారు. ఫలితం మారేంత తేడా లేదని రూవ్ తేల్చింది. గాజా యుద్ధం కారణంగా, ఇజ్రాయెల్ కూడా పాల్గొనే ఆ పోటీకి అసలు ఆ ఏడాది వెళ్లకూడదని దేశంలో చాలామంది పట్టుబట్టారు. రూవ్ మాత్రం ముందు ఎంపిక జరగనివ్వండి, వెళ్లాలా వద్దా అనేది గెలిచినవాళ్లతో మాట్లాడి తేలుస్తాం అంది. అది నాకు నచ్చలేదు. అంత బరువు ఒక పాటగత్తె భుజాల మీద పెట్టకూడదు. హెరా ఆ ఏడాది పోటీకి స్వీడన్‌లోని మాల్మో వెళ్లింది, సెమీఫైనల్‌లో మూడంటే మూడు పాయింట్లతో ఆఖరున నిలిచింది. రెండు వైపుల కోపమూ ఆమే మోసింది.

మనకి యూరోవిజన్ లేదు. కానీ దేశం తరఫున ఒక కళారూపాన్ని ఎంచి పంపడం మనకీ ఉంది. ఏటా ఆస్కార్ అంతర్జాతీయ చిత్రాల విభాగానికి ఒక సినిమాని ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా కమిటీ ఎంచుతుంది. 2022లో ‘ఆర్ఆర్ఆర్’ని కాదని గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’ని పంపినప్పుడు మన సోషల్ మీడియా ఎంత భగ్గుమందో గుర్తుండే ఉంటుంది. ఆ ఎంపిక తప్పని నేను అనను, ఆ సినిమా ఆస్కార్ తొలి వడపోతలో పదిహేనింటిలో ఒకటిగా నిలిచింది. నేను చూసేది వేరే విషయం. నిర్మాతలు సొంతంగా మిగతా విభాగాలకి పంపుకున్నారు. 2023 మార్చిలో ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చింది. ఆ వేదిక మీద రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ దాన్ని తెలుగులోనే పాడారు. చంద్రబోస్ రాసిన మాటల్లో పోట్లగిత్త ఉంది, పోతరాజు ఉన్నాడు, మిరపతొక్కు ఉంది. అవన్నీ తీసేసి లాస్ ఏంజెలెస్‌లో కూర్చున్నవాళ్లకి అర్థమయ్యేలా రాయమని ఎవరూ చంద్రబోస్‌కి చెప్పలేదు. చెప్పి ఉంటే ఏ పాట మిగిలేదో ఆలోచించండి.

ఎనిమిది కోట్లమంది మాట్లాడే భాష మనది, ఇంత సినిమా, ఇంత డబ్బు ఉన్న భాష. అయినా బయటికి వెళ్లే ప్రతిసారీ ‘వాళ్లకి ఎక్కుతుందా’ అనే భయం మనల్ని వదలదు. నాలుగు లక్షలమంది ఆ భయాన్ని ఒక నియమంతో అదుపులో పెట్టుకున్నారు. ఇంగ్లీషు వద్దనలేదు వాళ్లు. ముందు ఇక్కడ, ఈ మాటల్లో పాడు, తర్వాత నీ ఇష్టం అన్నారు. పాట రాసేవాడు ఆ ఒక్క మెట్టు ఎక్కడం కోసం తన భాషలో కూర్చుని మాటలు వెతుక్కోవాలి. ఆ వెతుకులాటే నాకు ముఖ్యం. చాలామంది ఫైనల్‌కి ఇంగ్లీషుకి మారిపోతారు, మారనివ్వండి. ఇంటి భాషలో కూడా ఆ పాట ఒకటి ఉంటుంది కదా.

2020లో దాదీ ఫ్రెయిర్ అనే గాయకుడు చేసింది అదే. సెమీఫైనల్‌లో ఐస్‌లాండిక్‌లో పాడాడు, ఫైనల్‌లో ఇంగ్లీషులో. అప్పుడే పుట్టిన తన కూతురు గురించి రాసుకున్న పాట అది. ఆకుపచ్చ స్వెట్టర్లు, వాటి మీద తమ బొమ్మలే పిక్సెళ్లుగా, వెనక ఉన్నవాళ్లు అతని చెల్లెలు, భార్య, స్నేహితులు. కరోనా వచ్చి ఆ ఏడాది పోటీ రద్దయింది. పాట మాత్రం ఇంటర్నెట్ ద్వారా ప్రపంచమంతా తిరిగింది. 2021కి రూవ్ మళ్లీ పోటీ పెట్టకుండా అతన్నే పంపింది. తలుపులు మూసి చేసిన ఎంపికే, కానీ జనం ఏడాది ముందే అతన్ని ఎంచుకున్నారు కాబట్టి దాన్ని నేను తప్పు పట్టను. రాటర్‌డామ్ చేరాక బృందంలో ఒకరికి కరోనా వచ్చింది, వేదిక ఎక్కే వీల్లేక రిహార్సల్ రికార్డింగే ప్రసారం చేశారు. అయినా నాలుగో స్థానం.

వియన్నాలో 2026 పోటీకి వెళ్లకూడదని ఐస్‌లాండ్ నిర్ణయించుకుంది. ఇజ్రాయెల్ పాల్గొనే విషయంలో నిరసనగా తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో రూవ్ ప్రకటించింది. స్పెయిన్, ఐర్లాండ్, నెదర్లాండ్స్, స్లొవేనియా కూడా అదే చేశాయి. ఈసారి బాధ్యత గాయకుల మీదకి నెట్టకుండా సంస్థే తీసుకుంది, అది మంచిదే. అయితే నా ఆరాటం ఒక్కటే. యూరోవిజన్‌కి వెళ్లినా వెళ్లకపోయినా, ఏ ఏడాదైనా సరే, ఆ ఫిబ్రవరి పోటీ మాత్రం ఆగకూడదు. దాదీ ఫ్రెయిర్ 2020లో ఊడిపడ్డవాడు కాదు. 2017లో కూడా అదే పోటీలో పాడాడు, అప్పుడు రెండో స్థానంలో ఆగిపోయాడు. మూడేళ్లు పాటలు కట్టుకుని మళ్లీ రావడానికి అతనికి ఆ వేదిక ఉంది. రేపు రెండో స్థానంలో ఆగిపోయే కుర్రాడికీ అది ఉండాలి.